జింక్ పోర్ఫిరిన్ కొనేవారికి హెచ్చరిక: 500 నానోమీటర్ల దగ్గర ఆగిన గ్రాఫును నమ్మకండి

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు కాలేజీలలో ఎమ్మెస్సీ ప్రాజెక్టులకూ పరిశోధనకూ పోర్ఫిరిన్లు (మధ్యలో లోహాన్ని పట్టుకోగల పెద్ద వలయ అణువులు) కొంటున్న అధ్యాపకులకూ విద్యార్థులకూ ఈ విషయం వెంటనే తెలియాలి. డెల్టా కాలేజీలకు రసాయనాలు సరఫరా చేసే ఒక డీలరు వద్ద మా విభాగం కొన్న టెట్రాఫినైల్‌పోర్ఫిరిన్ జింక్ సంకీర్ణం, సీసా మీద 99 శాతం శుద్ధత అని ముద్రించి ఉన్నప్పటికీ, జింక్ పూర్తిగా చేరని మిశ్రమమని తేలింది.

రంగు చూసి దీన్ని పట్టుకోవడం కష్టం. లోహం లేని పోర్ఫిరిన్, జింక్ చేరిన పోర్ఫిరిన్ రెండూ ఊదారంగు పొడులే. సోరే పట్టీ (కాంతి శోషణ గ్రాఫులో అన్నిటికంటే ఎత్తైన శిఖరం) కూడా రెండింటికీ ఇంచుమించు 420 నానోమీటర్ల దగ్గరే వస్తుంది. అసలు తేడా 500 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే క్యూ పట్టీలు అనే చిన్న శిఖరాలలో కనిపిస్తుంది. లోహం లేనప్పుడు వలయం మధ్యలో ఎదురెదురుగా ఉన్న రెండు నైట్రోజన్లకు హైడ్రోజన్లు ఉంటాయి కనుక అణువు సౌష్ఠవం తక్కువగా ఉండి, సుమారు 515, 550, 590, 647 నానోమీటర్ల వద్ద నాలుగు పట్టీలు వస్తాయి. ఆ హైడ్రోజన్ల స్థానంలో జింక్ చేరితే సౌష్ఠవం పెరిగి, 550, 590 దరిదాపుల్లో రెండే ప్రధాన పట్టీలు మిగులుతాయి. మా నమూనాలో 515 దగ్గరి పట్టీ స్పష్టంగా నిలబడి ఉంది. డీలరు జతచేసిన విశ్లేషణ పత్రంలో సోరే శిఖరం అందంగానే ఉంది కానీ, ఆ గ్రాఫు సరిగ్గా 500 దగ్గర ఆగిపోయింది.

అదే నమూనాలో 650 దగ్గరి పట్టీ 590 పట్టీ కంటే ఎత్తుగా రావడం మమ్మల్ని మరింత కలవరపెట్టింది. శుద్ధమైన టెట్రాఫినైల్‌పోర్ఫిరిన్‌లో అలా ఉండదు. పైరోల్, బెంజాల్డిహైడ్‌లను ప్రొపియోనిక్ ఆమ్లంలో మరిగించే, 1967లో ఆడ్లర్, లాంగో బృందం ప్రచురించిన పద్ధతిలో దిగుబడి సుమారు 20 శాతం ఉంటుంది. దానితోపాటు కొద్దిగా క్లోరిన్ అనే క్షయకరణ రూపం కూడా వస్తుంది (ఇది క్లోరిన్ వాయువు కాదు, పోర్ఫిరిన్‌కు దగ్గరి బంధువు). దాన్ని డీడీక్యూ అనే రసాయనంతో ఆక్సీకరించి తొలగించాలి. ఆ శ్రమ ఎవరూ పడలేదని 650 పట్టీ సూచిస్తోంది.

మీ ద్రావణి వల్లే పాడైందని డీలరు వాదించారు. సీల్ తీశారు కనుక వెనక్కి తీసుకోబోమన్నారు. క్లోరోఫామ్‌లో ఆమ్లపు జాడలుంటే జింక్ ఊడిపోయి ద్రావణం ఆకుపచ్చబడే మాట నిజమే. అందుకే మేము తాజా టోలూయీన్‌లో కొలిచాము. ద్రావణం ఆకుపచ్చబడలేదు, ఫలితమూ మారలేదు. ఆపైన విశాఖకు పంపి తీయించిన ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో (అణువులోని హైడ్రోజన్లను చూపే పరీక్ష), సున్నాగా తీసుకునే టీఎంఎస్‌కు కుడివైపున, మైనస్ 2.8 పీపీఎం దగ్గర వలయం లోపలి నైట్రోజన్‌పై ఉండే హైడ్రోజన్ (ఎన్‌హెచ్) సంకేతం కనిపించింది. జింక్ పూర్తిగా చేరిన నమూనాలో ఆ సంకేతానికి చోటే లేదు.

ఆర్డరు ఇచ్చే ముందే, మీకు పంపబోయే లాట్‌కు సంబంధించి 350 నుంచి 750 వరకు పూర్తి వర్ణపటం అడగండి. ఇవ్వలేమంటే కొనకండి. సీసా చేతికి రాగానే కొద్దిగా తీసి కొలిచి, ఆ తరువాతే బిల్లుపై సంతకం చేయండి. సోరే పట్టీ క్యూ పట్టీలకంటే ఇరవై రెట్లకు పైగా బలమైనది. కాబట్టి మొదట పలుచని ద్రావణంతో సోరేను, తరువాత చిక్కని ద్రావణంతో క్యూ పట్టీలను విడిగా తీయాలి. ఒకే పలుచని ద్రావణంతో సరిపెట్టుకుంటే 515 దగ్గరి చిన్న పట్టీ గ్రాఫు అడుగు గీతలో కలిసిపోతుంది.

వీలుంటే శుద్ధమైన లోహరహిత పోర్ఫిరిన్ కొని, జింక్‌ను మీరే చేర్చుకోవడం మేలు. క్లోరోఫామ్, మిథనాల్ మిశ్రమంలో జింక్ ఎసిటేట్‌ను అధికంగా వేసి రిఫ్లక్స్ చేయండి (ఆవిరి చల్లబడి తిరిగి పాత్రలోకే పడేలా మరిగించండి), మధ్యమధ్యలో ఒక్కో చుక్క తీసి చూడండి. 515 పట్టీ పూర్తిగా మాయమయ్యేదాకా ఆపవద్దు.