పాత టాయ్ ట్రైన్ సెట్ కొంటున్నారా? ‘టెస్టెడ్, వర్కింగ్’ అన్న మాట చూసి డబ్బు కట్టేయకండి

పాత లయనెల్, మార్క్లిన్, హార్న్‌బీ కంపెనీల బొమ్మ రైళ్ళతో ఇంట్లో లేఅవుట్ (పట్టాలు పరిచి రైళ్ళు నడిపే ఏర్పాటు) కట్టాలనుకునే వాళ్ళందరికీ ఈ హెచ్చరిక. ‘కంప్లీట్ లేఅవుట్ సెట్, టెస్టెడ్, వర్కింగ్’ అని ఆన్‌లైన్‌లో అమ్మిన ఒక సెట్‌లో బయటపడిన సరుకు ఇది. పట్టాలకు కరెంటు ఇచ్చే ఒక లయనెల్ జెడ్‌డబ్ల్యూ ట్రాన్స్‌ఫార్మర్: దాని వైరు వంచితే ఇన్సులేషన్ పెచ్చులుగా రాలుతోంది. ఒకదానికొకటి అతకని ‘ఓ’ (O) గేజ్ పట్టాలు, ‘ఓ-27’ (O-27) పట్టాలు ఒకే సంచిలో కలిపేసి ఉన్నాయి. ఒక స్టీమ్ ఇంజను ముందుకే గానీ వెనక్కి నడవదు. ఒక డీజిల్ ఇంజను ఫ్రేమును లోపలి బ్యాటరీ కారి తినేసింది. ఇదేమిటని అడిగితే అమ్మినవారి జవాబు ఒక్కటే: కరెంటు ఇస్తే ఇంజను కదిలింది, అంటే వర్కింగే కదా!

అమ్మేవాళ్ళ లెక్కలో ‘టెస్టెడ్’ అంటే చాలాసార్లు అంతే. రెండు పట్టాల ముక్కల మీద ఇంజను నాలుగు అంగుళాలు జరిగితే టెస్ట్ అయిపోయినట్టు. లేఅవుట్ మీద గంటసేపు తిరగడానికి కావలసినవేవీ ఆ నాలుగు అంగుళాల్లో తెలియవు. కాబట్టి ఏ వస్తువు గురించి ఏం అడగాలో, పార్శిల్ వచ్చాక ఏం చూడాలో వివరంగా రాస్తున్నాను. ప్రాణానికి ముప్పు తెచ్చేది ట్రాన్స్‌ఫార్మరే గనక ముందు దాని సంగతి.

జెడ్‌డబ్ల్యూను లయనెల్ 1948 నుంచి 1966 దాకా తయారు చేసింది. మంచి యంత్రం, ఇప్పటికీ బాగు చేసుకుని వాడుకోవచ్చు. కానీ దాని వయసు ఎంత తక్కువ లెక్కేసినా అరవై ఏళ్ళ దగ్గర ఉంటుంది. రబ్బరు ఇన్సులేషన్ అన్నేళ్ళు నిలవదు. పైకి బాగానే కనిపించే వైరు కూడా డబ్బా లోపలికి వెళ్ళే చోట, ప్లగ్గు దగ్గర పగిలి ఉంటుంది. వైరును ఆ రెండు చోట్లా వంచి, దగ్గర నుంచి ఫోటో తీసి పంపమని అడగండి. పంపనంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కొనకండి. వైరు మార్చుకోవడం పెద్ద పని కాదు, అయితే మార్చేదాకా ప్లగ్గు పెట్టకూడదు.

రెండో సంగతి వోల్టేజి. అమెరికా కోసం చేసిన ఈ ట్రాన్స్‌ఫార్మర్లు 110–120 వోల్టులకు, 60 హెర్ట్జ్‌కు చేసినవి. 220–240 వోల్టుల సాకెట్లో నేరుగా పెడితే కాలిపోతాయి. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఫ్రీక్వెన్సీ సంగతి. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి 110 వోల్టులు ఇచ్చినా, 50 హెర్ట్జ్ కరెంటు మీద కోర్‌లో అయస్కాంత ప్రవాహం లెక్కకు మించి పెరుగుతుంది. లోడ్ లేకున్నా అది గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. 60 హెర్ట్జ్ దగ్గర 120 వోల్టులు తీసుకునేదానికి 50 హెర్ట్జ్ దగ్గర 100 వోల్టులే సరిపోతాయి. అందుకని 100 వోల్టుల టాప్ (అవుట్‌పుట్ కనెక్షన్) ఉన్న స్టెప్‌డౌన్ దొరికితే అదే తీసుకోండి. ప్రయాణాల్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కన్వర్టర్లు హీటర్ల లాంటి వాటికి ఉద్దేశించినవి, వాటి జోలికి అసలు పోవద్దు. ‘కన్వర్టర్ కూడా ఇస్తాం’ అని అమ్మేవారు చెబితే అది ఏ రకమో, ఎన్ని వాట్లదో ఫోటోతో సహా అడగండి.

వాట్ల దగ్గరా పొరపడకండి. జెడ్‌డబ్ల్యూ మీద రాసి ఉండే 275 వాట్లు అది గోడ నుంచి తీసుకునే శక్తి. పట్టాలకు అందేది అంతకంటే బాగా తక్కువ. ‘నాలుగు రైళ్ళు ఒకేసారి నడుస్తాయి’ అని ప్రకటనలో రాస్తే, లైట్లున్న పెట్టెలతో నాలుగూ నడవడం కష్టమే అనుకోండి.

ఇంకొక ముఖ్యమైన లోపం డిజైన్‌లోనే ఉంది. జెడ్‌డబ్ల్యూలో షార్ట్ అయితే కరెంటు ఆపే బ్రేకర్ కామన్ వైపు, అంటే అన్ని అవుట్‌పుట్‌లకూ ఉమ్మడిగా ఉండే యూ టెర్మినల్ వైపు ఉంటుంది. ‘ఏ’ (A), ‘డీ’ (D) అనే రెండు హ్యాండిళ్ళతో రెండు బ్లాకులు (విడివిడిగా కరెంటు అందే పట్టాల భాగాలు) నడుపుతున్నారనుకోండి. ఒకదాన్లో 10 వోల్టులు, రెండోదాన్లో 16. ఇంజను కింద కరెంటు అందుకునే రెండు రోలర్లు ఆ రెండు బ్లాకుల మధ్య గ్యాప్ దాటే క్షణంలో ఏ, డీలు షార్ట్ అవుతాయి. ఆ కరెంటు కామన్ గుండా పోదు, కాబట్టి బ్రేకర్‌కు తెలియనే తెలియదు. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి కార్బన్ రోలర్లు, వైండింగ్ మాడతాయి. పైగా ఆ పాత బ్రేకర్ వేడెక్కాకే పడే రకం, ఆలస్యంగా పడుతుంది. ప్రతి అవుట్‌పుట్‌కు విడిగా 10 ఆంపియర్లకు మించని వేగమైన ఫ్యూజు గానీ బ్రేకర్ గానీ పెట్టుకోండి. వాడిన జెడ్‌డబ్ల్యూ కొనేటప్పుడు కవర్ విప్పి ఈ లోపలి రోలర్ల ఫోటో అడగడం ఇందుకే. రోలర్లు గుంతలు పడి ఉన్నా, అవి తిరిగే చోట రాగి చుట్టు నల్లబడి ఉన్నా ఆ యంత్రం ఇలాంటి షార్టులు చాలా చూసిందని అర్థం.

రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కలిపి అమ్మే సెట్లకు మరో ప్రమాదం ఉంది, దీన్ని దయచేసి రెండుసార్లు చదవండి. ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైపులా పనిచేస్తుంది. రెండూ ఒకే లేఅవుట్‌కు కలిపి ఉండగా ఒకదాని ప్లగ్గు పీకేసి రెండోది ఆన్‌లో ఉంచారనుకోండి. ఇంజను రోలర్లు రెండు బ్లాకులనూ కలిపిన క్షణంలో, పట్టాల మీది తక్కువ వోల్టేజి మొదటి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక నుంచి ఎక్కుతుంది. పీకేసిన ఆ ప్లగ్గు పిన్నుల మీద ప్రాణం తీసే వోల్టేజి వస్తుంది. పిల్లలు పట్టుకునేది ఆ ప్లగ్గునే. కాబట్టి రెండు ట్రాన్స్‌ఫార్మర్లూ ఒకే స్విచ్ ఉన్న ఒకే బోర్డు మీద ఉండాలి, ఆపితే రెండూ కలిసి ఆగాలి. ఫేజ్ (రెండింటి ఏసీ ఒకే వరసలో మారుతుండడం) కూడా సరిచూడాలి. రెండింటి కామన్లు కలిపి, రెండు అవుట్‌పుట్‌లనూ ఒకే వోల్టేజికి పెట్టి, వాటి మధ్య మీటర్ పెడితే సున్నా దరిదాపుల్లో చూపించాలి. రెట్టింపు చూపిస్తే ఒకదాని ప్లగ్గు తిప్పి పెట్టాలి. ఏ టెర్మినల్ కామన్ అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది, జెడ్‌డబ్ల్యూ లెక్క చిన్న వాటికి వర్తించదు.

‘మూడు పట్టాలే కదా, అన్నీ ఒకటే’ అని కలిపి అమ్మేవాళ్ళున్నారు. ఒకటి కాదు. లయనెల్ ఓ గేజ్‌లో బయటి రెండు పట్టాల మధ్య దూరం 1¼ అంగుళం, నడిచేది ఏసీ మీద. మార్క్లిన్ హెచ్‌ఓ అనే చిన్న సైజులో అది 16.5 మి.మీ., అదీ ఏసీయే, 16 వోల్టులు. దిశ మార్చడానికి 24 వోల్టుల పల్స్ వస్తుంది. 1938లో మొదలైన హార్న్‌బీ డబ్లో కూడా మొదట్లో మూడు పట్టాలదే, అదే 16.5 మి.మీ., కానీ 12 వోల్టుల డీసీ. డబ్లో ఇంజనును మార్క్లిన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెడితే పరిగెత్తదు, గుంయ్‌మంటూ వేడెక్కుతుంది, లోపలి అయస్కాంతం బలం పోతుంది. అమెరికన్ ఫ్లయర్ ఎస్ గేజ్‌కు రెండే పట్టాలు, అయినా అది ఏసీ. రెండు పట్టాలు చూసి డీసీ అనుకునేవాళ్ళు అక్కడ దెబ్బతింటారు. మార్క్లిన్ పాత 220 వోల్టుల నీలం ట్రాన్స్‌ఫార్మర్లను ఇప్పటి 230 వోల్టుల సాకెట్లో వాడితే ఆ రివర్స్ పల్స్ మరింత పెరిగి, కొత్త ఇంజన్లలోని డీకోడర్లను (డిజిటల్ ఆదేశాలు అందుకునే చిప్పులను) కాల్చేస్తుంది. పాత ఇంజన్లు తట్టుకుంటాయి గనక ‘మాకు బాగానే నడిచింది’ అన్న అమ్మకందారు మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. మీ ఇంజను మాత్రం పోతుంది.

ఇంజన్ల విషయంలో ఫోటో చాలదు, వీడియో అడగండి. ముందుకు, ఆగి, వెనక్కి, మళ్ళీ ఆగి, మళ్ళీ ముందుకు: దిశ మార్చే ఈ-యూనిట్ ఈ వరసలో తప్పకుండా పనిచేయడం వీడియోలో కనిపించాలి. ఆ తరవాత పది నిమిషాలు ఆపకుండా నడపాలి. గట్టిపడ్డ పాత గ్రీజు, అరిగిన బ్రష్షులు, ఈ-యూనిట్ డ్రమ్ము మీద అరిగిన రేకులు బయటపడేది ఆ పది నిమిషాల్లోనే. ఎఫ్3, జీపీ7 లాంటి లయనెల్ డీజిల్ ఇంజన్లలో హారన్ కోసం డి సైజు బ్యాటరీ ఉండేది. దాన్ని లోపలే వదిలేస్తే కారి ఫ్రేమును తినేస్తుంది. బాడీ విప్పి ఫ్రేము ఫోటో చూపించకుండా ఈ డీజిల్ ఇంజన్లు కొనకండి.

అన్నిటికంటే బాధ కలిగించేది జింక్ పెస్ట్. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పోత పోసిన జింక్ మిశ్రమంలో సీసం, తగరం, కాడ్మియం లాంటి మలినాలు కలిసి ఉంటే, లోహం లోపలి నుంచి పగుళ్ళు తీస్తుంది, ఉబ్బుతుంది, వంకర తిరుగుతుంది, చివరికి చేతిలో పొడి అవుతుంది. దీనికి మందు లేదు. పెయింటు మీద సన్నటి గీతలు, ఉబ్బి ఫ్రేముకు రాసుకునే చక్రాలు, వంగిన ఫ్రేము కనిపిస్తే అది మొదలైపోయినట్టే. ‘రీపెయింటెడ్, లైక్ న్యూ’ అని రాసిన యుద్ధానికి ముందు కాలం ఇంజను మీద ఈ గీతలను కొత్త పెయింటు కప్పేస్తుంది. అందుకే అలాంటి వాటికి చక్రాల వెనక భాగం, ఫ్రేము లోపలి వైపు ఫోటోలు అడగాలి, అక్కడ పెయింటు పడదు. సి-8, సి-9 లాంటి గ్రేడులు చూసి కూడా మోసపోకండి. అవి బయటి రూపానికి ఇచ్చే మార్కులు, మోటారుకు కాదు.

పట్టాల సంగతి క్లుప్తంగా. ఓ గేజ్ పట్టా ఎత్తు 11/16 అంగుళం, ఓ-27ది 7/16. వాటి పిన్నుల లావు కూడా వేరు, బలవంతంగా కలిపితే గొట్టం నోరు విచ్చుకుంటుంది. ప్రకటన ఫోటోలో పట్టా పక్కన స్కేలు పెట్టి చూపించమనండి. 4×8 అడుగుల బల్ల మీద 31 అంగుళాల వంపుతో (వంపు ముక్కలన్నీ కలిపితే వచ్చే వృత్తం అడ్డుకొలత ఇది) కోడిగుడ్డు ఆకారం లేఅవుట్‌కు 8 వంపు ముక్కలు, 10 అంగుళాల తిన్నటి ముక్కలు 10 చాలు. మొత్తం 18 ముక్కలు, ముక్కకు మూడు చొప్పున 54 పిన్నులు. ‘పెద్ద పెట్టె నిండా పట్టాలు’ అంటే ఏ రకం ముక్కలు ఎన్నో లెక్క అడగండి. పెద్ద ఇంజను కూడా అంటగడుతుంటే అది ఏ వంపు తిరుగుతుందో తెలుసుకోండి. లయనెల్ 700ఈ హడ్సన్ ఇంజనుకు 72 అంగుళాల వంపు కావాలి, 4 అడుగుల బల్ల మీద అది తిరగనే తిరగదు.

పైపైన తుప్పు పెద్ద లోపం కాదు. అసలు లోపం మధ్య పట్టా కింద ఉండే ఫైబరు ముక్క. అది ఒక్కచోట చిరిగినా మధ్య పట్టా స్లీపరును తాకి లేఅవుట్ మొత్తం షార్ట్ అవుతుంది. వచ్చిన ప్రతి ముక్కకూ మధ్య పట్టా, బయటి పట్టాల మధ్య మల్టీమీటర్ పెట్టండి, కనెక్షన్ చూపించకూడదు. బిగించక ముందు చూస్తే ఐదు నిమిషాల పని. బిగించాక వెతకాలంటే ఒక్కొక్క ముక్కా ఊడదీయాలి. శుభ్రం చేయడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గుడ్డ చాలు. స్టీల్ వూల్ వద్దు: 1950 నుంచి లయనెల్ పెట్టిన మాగ్నెట్రాక్షన్ (చక్రాలు పట్టాను పట్టుకునేలా చేసే) ఇంజన్ల అయస్కాంతాలు ఆ ఇనుప నలుసులను లాక్కుని మోటారులో చేరుస్తాయి. గరుకు కాగితం కూడా వద్దు, తగరం పూత పోయి పట్టా ముందుకంటే త్వరగా తుప్పు పడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌ను ఇంజన్లతో ఒకే డబ్బాలో పెట్టి పంపవద్దని ముందే రాతపూర్వకంగా చెప్పండి. దారిలో ఆ బరువు పొర్లితే రేకు రైలు పెట్టెలు అప్పడాల్లా నలుగుతాయి. వేరు డబ్బా, దానికి బయట మరో డబ్బా ఉండాలి.

ఇప్పటికే పార్శిల్ వచ్చేసి ఉంటే వెంటనే ప్లగ్గు పెట్టకండి. ముందు ప్లగ్గు రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టండి, కొద్ది ఓమ్‌లు రావాలి. తరవాత ఒక్కో పిన్నుకూ, మిగతా టెర్మినల్స్‌కూ, లోహపు భాగాలకూ మధ్య చూడండి, ఏమీ రాకూడదు. ఏ కొంచెం కనెక్షన్ చూపించినా దాన్ని పక్కన పెట్టేయండి. ఇవి సరిగా ఉండి, వైరు కూడా బాగుంటే, 60 లేదా 100 వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలిపి, పట్టాలేవీ తగిలించకుండా కరెంటు ఇవ్వండి. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు మిణుకుమంటే మంచిది, పూర్తిగా వెలిగితే లోపల షార్ట్ ఉంది. మెయిన్స్ కరెంటుతో పని చేసే అలవాటు లేకపోతే ఈ బల్బు పరీక్ష ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

పాత పెయింటులో సీసం ఉంటుందని గుర్తుంచుకోండి. పెచ్చులు ఊడే రైలు పెట్టెలను చిన్నపిల్లల చేతికి ఇవ్వవద్దు, పొడిగా గీకవద్దు. ఇక లోపం కనబడగానే తుడిచి, నూనె వేసి నడిపించేద్దామని ఎంత అనిపించినా ఆగండి. డబ్బా విప్పుతున్నప్పటి నుంచి వీడియో, ప్రతి లోపానికీ ఫోటో తీసి, ప్రకటన స్క్రీన్‌షాట్‌తో కలిపి, వాపసు గడువు లోపలే ఆ సైటు ద్వారానే ఫిర్యాదు పెట్టండి. స్క్రూ విప్పిన వస్తువును ‘మీరే పాడు చేశారు’ అని వెనక్కి తీసుకోరు.