స్టెప్నీ ఒకటి చాలా? శ్రీశైలం, గుడిస దారుల లెక్క

విజయవాడ, గుంటూరు నుంచి ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ పవరు పోయే) బండ్లు ఎక్కువగా పట్టే అడవి దారులు రెండు. ఒకటి నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం మీదుగా దోర్నాల దాటి శ్రీశైలం. రెండోది రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి, అక్కణ్ణుంచి గుడిస కొండ. ఎటు బయల్దేరినా వచ్చే ప్రశ్న ఒకటే: రెండో స్టెప్నీ కట్టుకోవాలా? చాలా బండ్లకు అక్కర్లేదు. ఉన్న ఒక్కటి ఆపదలో పనికొచ్చే స్థితిలో ఉందో లేదో ముందు చూసుకోవాలి. చాలా బండ్లలో అది ఆ స్థితిలో ఉండదు.

కొత్త బండి అయితే డిక్కీ అడుగు తెరిచి చూడండి. ట్యూబ్‌లెస్ టైర్లు, టైరు గాలి చూపించే మీటరు, రిపేరు కిట్టు ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదని 2020లో కేంద్రం నిబంధన సవరించింది. అందుకే కొన్ని బండ్లలో జిగురు డబ్బా, చిన్న కంప్రెసరు మాత్రమే వస్తున్నాయి. ట్రెడ్‌లో (రోడ్డుకు తగిలే భాగంలో) మేకు దిగితే ఆ జిగురు పనిచేస్తుంది, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) చీలితే దేనికీ కొరగాదు. సన్నపాటి టెంపరరీ స్టెప్నీ ఇచ్చిన బండ్లలో దాని మీదే 80 కి.మీ. వేగం దాటొద్దని రాసి ఉంటుంది. రాళ్ళ దారిలో దాన్ని నమ్ముకోవడం దండగ.

థార్, జిమ్నీలాంటి వాటికి స్టెప్నీ వెనక తలుపు మీద ఉంటుంది. తీయడం తేలిక, కానీ ఏడాది పొడుగునా మన ఎండలో మాడుతుంది. సైడ్‌వాల్ మీద డాట్ (DOT) అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు చూడండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. ఆరేళ్ళు దాటితే ఏటా షాపులో చూపించాలి. పదేళ్ళదైతే ఒక్క కిలోమీటరు తిరక్కపోయినా మార్చేయాలి. ఐదు టైర్లనూ వరసగా తిప్పుతూ వాడితే ఈ బాధ సగం తగ్గుతుంది, అన్నీ ఒకే తీరున అరుగుతాయి కూడా. అరుగుదలలో తేడా ఎక్కువైతే ఎప్పుడూ నాలుగు చక్రాలకూ పవరు పోయే బండ్లలో డిఫరెన్షియల్ మీద, అంటే చక్రాల వేగంలో తేడాను సర్దే గేర్ల మీద భారం పడుతుంది. థార్‌లాంటి పార్ట్‌టైమ్ బండిలో, అంటే కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ పవరు ఇచ్చే దానిలో, స్టెప్నీ వేశాక తారు రోడ్డు మీద 2హెచ్‌లోనే (రెండు చక్రాల పవరుతోనే) నడపాలి.

బండి కింద వేలాడే స్టెప్నీ ఇంకో రకం తలనొప్పి. మన నల్లరేగడి బురద గొలుసు మీద ఎండిపోతే విప్పే రాడ్డు తిరగదు, బలవంతంగా తిప్పితే విరుగుతుంది. పైగా వెనక టైరు గుంతలో కూరుకుపోయినప్పుడే స్టెప్నీ కోసం బండి కింద దూరాలి. బయల్దేరే వారం ముందు ఒకసారి పూర్తిగా దింపి, గొలుసుకు గ్రీజు పెట్టి, గాలి 35 నుంచి 40 పీఎస్ఐ దాకా నింపి మళ్ళీ బిగించండి. గాలి ఎక్కువుంటే వేసేటప్పుడు తగ్గించుకోవచ్చు, తక్కువుంటే అడవిలో ఏం చేయలేం. నాలుగూ అల్లాయ్ చక్రాలై స్టెప్నీ ఇనుప రిమ్ము అయితే, అల్లాయ్ నట్లు దానికి సరిగ్గా కూర్చుంటాయో లేదో ఇంటి దగ్గరే బిగించి చూడాలి. దొంగలు ఎత్తుకుపోకుండా వేసే లాక్ నట్ తాళం ఇంట్లో మర్చిపోయేవాళ్ళకు లెక్కలేదు.

దోర్నాల నుంచి శ్రీశైలం దాదాపు 50 కి.మీ. అంతా తారు రోడ్డే, మంచి స్టెప్నీ ఒక్కటి చాలు. అక్కడ ఇబ్బంది టైరుది కాదు, టైముది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టు గేటు మూసేస్తారు. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి కంపెనీ రోడ్‌సైడ్ సాయం నంబరు ఉన్నా లేనట్టే. టైరు మార్చడానికి అరగంట పైనే పడుతుందని లెక్కేసుకుని సాయంత్రం 6 లోపు దోర్నాల దాటాలి. అది పులుల అడవి. టైరు పోతే మలుపులో ఆపకుండా, రెండు వైపులా కనిపించే చోటికి నెమ్మదిగా పోయి ఆపాలి. పెద్ద పని ఏదైనా మార్కాపురంలోనే చేయించుకోవడం నయం. ఇటు శ్రీశైలం పక్కనున్న సున్నిపెంటలో చిన్న పంక్చర్లకు ఢోకా లేదు. అడవి లోపలి ఇష్టకామేశ్వరి గుడి దారి ఘోరంగా ఉంటుందని విని రెండు స్టెప్నీలు కట్టేవాళ్ళున్నారు. అక్కడికి అటవీశాఖ ఏర్పాటు చేసిన జీపులే పోతాయి, సొంత బండిని పంపరు.

ఈ వైపు పల్లె దారులు దిగితే సర్కారు తుమ్మ ముల్లుతో జాగ్రత్త. ట్రెడ్‌లో దిగి మొన విరిగి లోపలే ఉండిపోతుంది, గాలి రాత్రికి నాలుగైదు పీఎస్ఐ చొప్పున తగ్గుతుంది. ప్లయర్‌తో ముక్క లాగకుండా పంక్చర్ స్ట్రిప్ (రంధ్రంలో దూర్చే రబ్బరు పట్టీ) పెడితే ఆ మొనే దాన్ని కోసేస్తుంది. మార్కాపురం పలకరాయి ముక్కలు, నరికిన వెదురు మోళ్ళు సైడ్‌వాల్‌ను కోస్తాయి. కోతలో దారాలు కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. సైడ్‌వాల్‌కు ప్యాచ్ వేసి ‘ఏం కాదు సార్’ అనే షాపుకు దణ్ణం పెట్టి వచ్చేయండి.

గుడిస లెక్క వేరు. పుల్లంగి ఊరు దాటాక పైకి ఎక్కే చోట రాళ్ళు తేలి ఉంటాయి, వానపడితే జారుడు. రోడ్డు టైర్లున్న బండిని మారేడుమిల్లిలో పెట్టి స్థానికుల జీపు మాట్లాడుకోవడమే తెలివైన పని. అద్దె ఎక్కువనిపించినా ఒక్క 18 అంగుళాల టైరు ఖరీదు ముందు అది ఎంత? సొంత బండిలోనే ఎక్కాలంటే ఏటీ (ఆల్ టెరైన్, అన్ని రకాల నేలకూ పనికొచ్చే) టైర్లు ఉండాలి. రాళ్ళ మీద గాలి 24 పీఎస్ఐ దగ్గరకు దించితే పట్టు పెరుగుతుంది, కుదుపు తగ్గుతుంది. కానీ సైడ్‌వాల్ బయటికి ఉబ్బి రాళ్ళకు దొరికేది కూడా అప్పుడే, అందుకని వేగం 15 దాటొద్దు. కిందికి దిగగానే మళ్ళీ నింపాలి. నిమిషానికి 70 లీటర్ల గాలి కొట్టే కంప్రెసరును లైటర్ సాకెట్లో పెడితే ఫ్యూజు పోతుంది, క్లిప్పులతో నేరుగా బ్యాటరీకే తగిలించాలి.

రెండో స్టెప్నీ ఎప్పుడంటే, బండి ఒంటరిగా పోతూ, పంక్చర్ షాపు 50 కి.మీ. పైన ఉండి, టైరు సైజు పల్లెల్లో దొరకనిదైతే. బొలేరో 215/75 ఆర్15 చిన్న ఊళ్ళలోనూ దొరకొచ్చు. థార్ 255/65 ఆర్18 కోసం మారేడుమిల్లి నుంచి రాజమండ్రి దాకా, అంటే 85 కి.మీ. వెనక్కి రావాలి. ఒకే సైజు టైర్లున్న రెండు బండ్లు కలిసి పోతే చెరో స్టెప్నీతోనే రెండో స్టెప్నీ సమకూరినట్టు.

కట్టుకోక తప్పదనుకుంటే రిమ్ముతో కలిపి 30 కిలోల దాకా ఉండే బరువును పైకప్పు మీద పెట్టకండి. ఘాట్ మలుపుల్లో బండి ఊగుతుంది, రూఫ్ రాక్ బరువు పరిమితి కూడా అక్కడికే సగం అయిపోతుంది. వెనక సీటు మడిచి, పడుకోబెట్టి, రాట్చెట్ బెల్టుతో నేల హుక్కులకు బిగించాలి. దానికన్నా రిమ్ము లేని ఉత్త టైరు మేలు. బరువు సగమే, పాత టైరు ఊడదీసి దీన్ని ఎక్కించడానికి ట్రాక్టర్ పంక్చర్లు వేసే షాపు చాలు. దాంతోపాటు ఆ సైజు ట్యూబు ఒకటి, వాల్వ్ పిన్నులు నాలుగు, పిన్ను తీసే తాళం పెట్టుకోండి. ట్యూబ్‌లెస్‌లో ట్యూబు వేసి 40 లోపు వేగంతో టౌను చేరొచ్చు, అంతకుమించి వాడకూడదు.

జాకీ కిందికి 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క అడుగు చదరం ఉండాలి. లేకపోతే మెత్తటి నేలలో బండి లేవదు, జాకీ దిగుతుంది. కంపెనీ ఇచ్చే పొట్టి పానాకు బదులు పొడుగు పిడి ఉన్నది ఆటోనగర్‌లో కొనండి. బండి లేపక ముందే నట్లు వదులు చేయాలి, చక్రం వేశాక ఎదురెదురుగా బిగించాలి, 50 కి.మీ. తర్వాత మళ్ళీ ఒకసారి చూడాలి.

బసలో ఏసీ, టిఫిన్ల సంగతి అందరూ చెబుతారు, బండి నిలిపే చోటు సంగతి ఎవరూ చెప్పరు. శ్రీశైలంలో దేవస్థానం సత్రాలు ధరకు మంచివే, కానీ కార్తీకంలో, శివరాత్రికి బండ్లు ఒకదాని వెనక ఒకటి ఇరికిస్తారు, వెనక తలుపు తెరవడానికి చోటుండదు. ఆ రోజుల్లో టూరిజం వాళ్ళ హరిత హోటల్ నయం. మారేడుమిల్లిలో వనవిహారి, జంగిల్ స్టార్ రెండూ అడవిని ఆనుకున్న బసలే. బుక్ చేసేటప్పుడు గట్టినేల పార్కింగ్ ఎక్కడ ఇస్తారో అడగండి, తెల్లారి గాలి చూసుకోవడానికి, జాకీ వేయడానికి అదే కావాలి.