నాటింగ్‌హామ్ పాంథర్స్ ఐస్ హాకీ: చరిత్ర తెలుసుకుని చూడవలసిన మ్యాచ్

నాటింగ్‌హామ్ అనగానే మనవాళ్లలో ఎక్కువమందికి గుర్తుకు వచ్చేది ట్రెంట్ బ్రిడ్జ్ క్రికెట్ మైదానం. అక్కడి రెండు విశ్వవిద్యాలయాలకు చదువు కోసం వచ్చిన తెలుగు విద్యార్థులూ, ఉద్యోగాల మీద వచ్చి స్థిరపడిన కుటుంబాలూ వేసవి రాగానే ఆ మైదానం వైపు చూడడం సహజమే. కానీ క్రికెట్ లేని కాలంలో, సెప్టెంబరు నుంచి ఏప్రిల్ వరకూ, అదే నగరం నడిబొడ్డున వేలమందిని ఒక పైకప్పు కిందికి చేర్చే ఆట మరొకటి ఉంది. అది ఐస్ హాకీ. ఆ జట్టు నాటింగ్‌హామ్ పాంథర్స్. ఈ క్లబ్బు మ్యాచ్‌కు టికెట్టు కొని వెళ్లడం తగిన పనేనా అని నన్ను అడిగిన మిత్రులకు చెప్పిన సమాధానాన్నే ఇక్కడ కొంచెం విస్తరించి రాస్తున్నాను. తప్పకుండా వెళ్లవలసిందే. అయితే ఆ సాయంత్రపు విలువలో సగం ఈ క్లబ్బు గడిచి వచ్చిన దారిలో ఉన్నది కాబట్టి, దానిని తెలుసుకుని వెళ్లినవారికే ఆట పూర్తిగా అందుతుంది.

మొదట స్థలం సంగతి. మ్యాచ్‌లు జరిగే మోటర్‌పాయింట్ అరీనా నేషనల్ ఐస్ సెంటర్‌లో ఒక భాగం. రైల్వే స్టేషను నుంచి నడిచి చేరుకోవచ్చు. ట్రాములో వస్తే లేస్ మార్కెట్ స్టాపులో దిగాలి. భవనం ముందున్న ఆవరణకు బొలేరో స్క్వేర్ అని పేరు. 1984లో సారయెవో శీతాకాల ఒలింపిక్స్‌లో తొమ్మిదిమంది న్యాయనిర్ణేతలూ కళాత్మకతకు అత్యధిక మార్కులైన 6.0 వేసిన మంచు నృత్యం పేరునే ఆ ఆవరణకు పెట్టారు. ఆ నృత్యం చేసిన జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ ఇద్దరూ ఈ ఊరివారే, ఇదే చోట ఉండిన పాత ఐస్ స్టేడియంలో సాధన చేసినవారే. ఆ పాత కట్టడాన్ని తొలగించి, 2000లో కొత్త కేంద్రాన్ని తెరిచారు. కాబట్టి ఇక్కడ కూర్చుని ఆట చూడడమంటే, 1939 నుంచి మంచు పరచి ఉన్న నేల మీద కూర్చోవడమే. కొత్త హాళ్లు కట్టి క్రీడలను ఊరి బయటికి తరలించే ఈ రోజుల్లో, నగరం మధ్యనే, పాత చోటనే ఈ ఆటను నిలుపుకోవడం నాకు ఎంతో నచ్చిన విషయం.

క్లబ్బు పుట్టుక కూడా 1939 నాటిదే. స్టేడియం తెరిచారు, జట్టును తయారు చేయాలనుకున్నారు. అంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడడంతో పాంథర్స్ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే ఆగిపోయింది. తొలి మ్యాచ్ జరగడానికి 1946 నవంబరు 22 దాకా వేచి ఉండవలసి వచ్చింది. ఆ రాత్రి వెంబ్లీ మోనార్క్స్‌ను 3–2 తేడాతో ఓడించారు. యుద్ధం ముగిసినా రేషన్ కార్డులు ఇంకా పోని ఆ సంవత్సరాలలో జనానికి ఈ ఆట ఎంత ఊరట అయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ కాలపు పాంథర్స్ గురించి చెప్పేటప్పుడు చిక్ జామిక్ పేరు దగ్గర ఆగక తప్పదు. కెనడాలోని విన్నిపెగ్ నుంచి 1947లో వచ్చిన ఈ యువకుడు 1958 దాకా ఇక్కడే ఆడి, 624 మ్యాచ్‌లలో 778 గోల్స్ చేశాడు. ఈ ఆటలో మ్యాచ్‌కు ఒక గోల్ సగటును ఒక్క సీజన్ నిలుపుకోవడమే గొప్ప. అంతకు మించిన సగటును పదకొండేళ్లు నిలుపుకున్న ఆటగాడిని ఈ ఊరు ఎన్నటికీ మరవకపోవడంలో వింత ఏముంది? 1950–51లోనూ, 1953–54లోనూ ఇంగ్లిష్ నేషనల్ లీగ్ పాంథర్స్‌దే అయింది. ఇంగ్లాండు, స్కాట్లాండు లీగులను 1954లో కలిపి బ్రిటిష్ నేషనల్ లీగ్‌గా చేసిన తరువాత 1955–56 టైటిల్ కూడా వారికే దక్కింది. ఈ 1956 సంవత్సరాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి. మళ్లీ దాని అవసరం వస్తుంది.

ఆ వైభవం ఎక్కువకాలం నిలవలేదు. ఒక్కొక్క జట్టే తప్పుకుంటూ వచ్చి, 1960లో లీగ్ మూతపడింది. దానితోపాటు పాంథర్స్ కూడా. స్టేడియం ఉంది, మంచు ఉంది, స్కేటింగ్‌కు వచ్చే పిల్లలున్నారు, జట్టు మాత్రం లేదు. ఇరవై ఏళ్లంటే ఒక తరం. అంతకాలం లేకుండా పోయిన జట్టు మళ్లీ అదే పేరుతో లేచి నిలబడడం క్రీడా చరిత్రలో తరచుగా కనిపించదు. 1980లో షెఫీల్డ్ లాన్సర్స్ అనే జట్టు తన ఊరిని వదిలి నాటింగ్‌హామ్‌కు తరలివచ్చి పాంథర్స్ అయింది. నేడు ఈ క్లబ్బుకు అందరికన్నా పెద్ద ప్రత్యర్థి 1991లో ఏర్పడిన షెఫీల్డ్ స్టీలర్స్. ఆ రెండు జట్ల మధ్య మ్యాచ్ ఉన్న రోజున హాలులో చెలరేగే కేకలను వింటూ, ఈ క్లబ్బుకు రెండవ జన్మనిచ్చింది షెఫీల్డే కదా అని తలచుకుంటే ఆ వైరానికి కొత్త రుచి వస్తుంది.

రెండవ జన్మలో తొలి పెద్ద విజయం 1989లో వచ్చింది. అలెక్స్ డాంపియర్ శిక్షణలోని జట్టు వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ ఫైనల్‌లో ఎయిర్ బ్రూయిన్స్‌ను 6–3తో ఓడించింది. బ్రిటన్ ఐస్ హాకీలో అగ్రశ్రేణి పోటీలుగా 1996లో సూపర్‌లీగ్, 2003లో ఇప్పటి ఎలీట్ లీగ్ మొదలైనప్పుడు పాంథర్స్ రెండింటిలోనూ వ్యవస్థాపక సభ్యురాలే. కొత్త అరీనాలో దాదాపు ఏడున్నర వేలమందికి చోటు ఉంది. పాత స్టేడియంలో దానిలో సగం కూడా లేదు. జనం పెరిగారు, కప్పులు వచ్చాయి. 2010 నుంచి 2014 వరకూ వరుసగా ఐదేళ్లు, లీగ్ జట్ల మధ్యనే విడిగా జరిగే ఛాలెంజ్ కప్ ఈ ఊరికే వచ్చింది. రానిది ఒక్కటే, లీగ్ టైటిల్. సీజన్ పొడుగునా నిలకడగా ఆడిన జట్టుకు మాత్రమే దక్కే ఆ గౌరవం 1956 తరువాత మళ్లీ చేతికి అందలేదు. కోరీ నీల్సన్ శిక్షణలో 2012–13 సీజన్‌లో ఆ లోటు తీరింది. యాభై ఏడేళ్ల తరువాత లీగ్‌ను గెలవడమే కాక, అదే సీజన్‌లో ఛాలెంజ్ కప్‌ను, సీజన్ చివర పై జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీ అయిన ప్లేఆఫ్స్‌ను కూడా గెలిచి మూడింటినీ ఒకేచోట చేర్చారు. తాతలు చూసిన విజయాన్ని మనవలు చూడగలిగిన ఏడాది అది.

నా దృష్టిలో అంతకన్నా గొప్పది 2017 జనవరిలో ఇటలీ ఉత్తరాన రిట్టెన్‌లో జరిగింది. అక్కడి కాంటినెంటల్ కప్ తుది దశలో ఆతిథ్య జట్టుతోపాటు డెన్మార్క్, కజకిస్తాన్ క్లబ్బులు కూడా ఉండగా, వాటన్నిటినీ దాటి పాంథర్స్ కప్పు గెలిచింది. ఒక బ్రిటిష్ క్లబ్బు ఐరోపా స్థాయి ఐస్ హాకీ పోటీని గెలవడం అదే మొదటిసారి. దానివల్ల లభించిన ఛాంపియన్స్ హాకీ లీగ్ (ఐరోపా క్లబ్బుల అగ్రశ్రేణి పోటీ) ప్రవేశాన్ని కూడా వృథా చేయకుండా, ఆ పోటీలో చివరి పదహారు జట్ల దశ దాకా వెళ్లారు. బ్రిటన్‌లో ఫుట్‌బాల్, రగ్బీ, క్రికెట్ల నీడలో బతికే ఈ ఆటకు అది ఎంత బలమైన ఫలితమో ఆటను దగ్గరగా చూసేవారికి తెలుసు.

ఈ చరిత్రలో ఒక తీరని దుఃఖం కూడా ఉంది. 2023 అక్టోబరు 28న షెఫీల్డ్‌లో మ్యాచ్ ఆడుతుండగా పాంథర్స్ ఆటగాడు ఆడమ్ జాన్సన్ మెడకు ప్రత్యర్థి ఆటగాడి స్కేటు అంచు తగిలి తీవ్ర గాయమై ప్రాణాలు కోల్పోయాడు. అమెరికాలోని మిన్నెసోటాకు చెందిన అతడి వయస్సు ఇరవై తొమ్మిదేళ్లు. అంతకు ముందు పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ తరఫున ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్.హెచ్.ఎల్.లో కూడా ఆడినవాడు. అతడు ధరించిన 47వ నంబరును క్లబ్బు ఇక ఎవరికీ ఇవ్వదు. 2024 జనవరి 1 నుంచి ఎలీట్ లీగ్‌లో ఆటగాళ్లందరికీ మెడకవచం తప్పనిసరి అయింది. మీరు మ్యాచ్‌కు వెళ్లినప్పుడు ప్రతి ఆటగాడి గొంతు చుట్టూ కనిపించే ఆ కవచాన్ని మామూలు ఆటసామగ్రిగా చూసి వదిలేయకండి.

ఇక ఆట చూసే తీరు. ఇరవై నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు ఉంటాయి. ఆట ఆగిన ప్రతిసారీ గడియారమూ ఆగుతుంది కాబట్టి, విరామాలతో కలిపి రెండున్నర గంటలు పడుతుందని అనుకోవాలి. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు మంచు మీద ఉంటారు. ఆట నడుస్తుండగానే, ఒక నిమిషం కూడా కాకముందే, వారు బయటికి వెళ్లి కొత్తవారు లోపలికి వస్తుంటారు. బంతికి బదులుగా వాడే, సుమారు 170 గ్రాముల బరువున్న రబ్బరు బిళ్ల, అంటే పక్, ఎక్కడుందో మొదటి పీరియడ్‌లో కంటికి చిక్కదు. దానికోసం వెతకకుండా ఆటగాళ్ల కదలికను అనుసరిస్తే, రెండవ పీరియడ్ నాటికి చూపు తానే సర్దుకుంటుంది. మొదటిసారి వెళ్లేవారు మంచుకు మరీ దగ్గరి వరుసలను ఎంచుకోకపోవడం మంచిది. అక్కడ అద్దాలకు గుద్దుకునే ఆటగాళ్లు బాగా కనిపిస్తారు గాని, అరవై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు ఉన్న రింక్‌లో ఎత్తుగడ ఎలా రూపుకడుతున్నదో తెలియదు. పొడవు వైపున, మధ్య ఎత్తులో ఉన్న సీట్లే నా సిఫారసు. లోపల చలిగానే ఉంటుంది కనుక పిల్లలకు స్వెటరు తప్పనిసరి. ఆట ఆగినప్పుడల్లా సంగీతం పెద్దగా మోగుతుంది. చంటిబిడ్డలతో వెళ్లేవారు చెవులకు రక్షణ తీసుకువెళ్లాలి.

నాకు నచ్చనివీ ఉన్నాయి. అవి ఈ ఒక్క క్లబ్బుకు సంబంధించినవి కావు, లీగ్ మొత్తానివి. పది జట్లే ఉన్న లీగ్‌లో ఒక్కొక్క జట్టు యాభై నాలుగు మ్యాచ్‌లు ఆడవలసి రావడంతో అవే ముఖాలు పదేపదే ఎదురవుతాయి. విదేశీ ఆటగాళ్ల మీద ఆధారపడడం ఎక్కువ. జామిక్ కాలంలో కెనడావారు లేకపోతే ఆట నిలిచేది కాదన్నది నిజమే, కానీ ఇన్ని దశాబ్దాల తరువాత కూడా స్థానిక కుర్రవాళ్లు మంచు మీద కంటే బెంచీ మీద ఎక్కువసేపు కనిపించడం నాకు బాధ కలిగిస్తుంది. అప్పుడప్పుడు జరిగే ముష్టియుద్ధాలను కొందరు ప్రేక్షకులు ఆటలో భాగంగా ఆనందిస్తారు. వాటివల్ల ఆటకు ఒనగూడేది ఏమీ లేదని నా అభిప్రాయం. పిల్లలను తీసుకువెళ్లే తల్లిదండ్రులు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. మరోవైపు ఇంగ్లాండు, స్కాట్లాండు, వేల్స్, ఉత్తర ఐర్లాండు నాలుగింటి జట్లూ ఒకే లీగ్‌లో ఆడడం ఫుట్‌బాల్‌లో దొరకని విశేషం. కార్డిఫ్ డెవిల్స్, బెల్‌ఫాస్ట్ జెయింట్స్ వచ్చిన రోజున ఒక చిన్న అంతర్జాతీయ పోటీ చూసినట్టే ఉంటుంది.

ఏ మ్యాచ్‌తో మొదలుపెట్టాలన్నది చివరి ప్రశ్న. షెఫీల్డ్‌తో జరిగే మ్యాచ్‌లో ఉద్వేగం అన్నిటికంటే ఎక్కువ, కానీ ఆట తెలియనివారికి ఆ హోరులో ఏమీ పట్టుబడదు. ముందు ఫైఫ్ ఫ్లయర్స్‌తోనో డండీ స్టార్స్‌తోనో జరిగే ఒక మామూలు మ్యాచ్ చూసి, నియమాలు అర్థమయ్యాక షెఫీల్డ్ మ్యాచ్‌కు టికెట్టు తీసుకోవడం మేలు. ఆట మీద మక్కువ కలిగితే, సీజన్ చివర ఏప్రిల్‌లో ఇదే అరీనాలో జరిగే ప్లేఆఫ్ ఫైనల్స్ వారాంతాన్ని వదులుకోకండి. శనివారం రెండు సెమీఫైనల్స్, ఆదివారం ఫైనల్ ఉంటాయి. పాంథర్స్ అక్కడిదాకా వచ్చినా రాకపోయినా, అర్హత పొందని జట్ల అభిమానులు సైతం తమ తమ జెర్సీలు వేసుకుని దేశం నలుమూలల నుంచి ఈ ఊరికి చేరతారు. ఆ రెండు రోజులకు హోటల్ గది అవసరమైనవారు మాత్రం టికెట్టు తీసుకున్న రోజే దానిని కూడా బుక్ చేసుకోవాలి.