తొలి వసంతపు ట్రౌట్ వేట: మునిగే ఫ్లైయా, తేలే ఫ్లైయా?

నీళ్లలో చెయ్యి పెడితే ఇంకా జివ్వుమనే రోజుల్లో, చిన్న నదిలో ట్రౌట్ చేప కోసం గాలానికి ఏ ఫ్లై (పురుగులా కనబడేలా కొక్కెం మీద కట్టిన ఎర) కట్టాలి: నీటిలో మునిగే నింఫా, పైన తేలే డ్రై ఫ్లైయా? ఉదయం పూటైతే ఈ ప్రశ్నే అనవసరం. నీరు 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు ట్రౌట్ ఒంట్లో చురుకు ఉండదు. నెమ్మదిగా పారే మడుగుల్లో అడుగునే ఉండి, నోటి ముందుకు వచ్చినదే అందుకుంటుంది. అంత లోతుకు చేరడానికి టంగ్‌స్టన్ (బరువైన లోహం) పూస గుచ్చిన నింఫ్ బాగా పనికొస్తుంది. దానితో చిక్కులూ ఉన్నాయి. రాళ్లకూ మునిగిన కొమ్మలకూ తగులుకుంటుంది కాబట్టి కొన్ని ఫ్లైలు నదికి సమర్పించుకోక తప్పదు. చేప ఎప్పుడు అందుకుందో కంటికి కనబడదు. దారం క్షణం ఆగినా, పక్కకు జరిగినా గాలపు కర్ర ఎత్తాల్సిందే.

డ్రై ఫ్లైకి పొద్దు కలిసి రావాలి. మబ్బు పట్టిన మధ్యాహ్నం, నీరు కాస్త వేడెక్కాక, మేఫ్లైలు అనే చిన్న ఆలివ్ రంగు పురుగులు నీటి పైకి లేచి రెక్కలు ఆరబెట్టుకుంటాయి. అప్పుడు 18వ నంబరు చిన్న కొక్కెం మీద కట్టిన సన్నటి ఫ్లై చాలు. అది ప్రవాహంతో పాటు సహజంగా తేలాలి. దారం లాగితే చేప నమ్మదు. ఆ సందడి ఎంతోసేపు ఉండదు, కొన్ని రోజులు అసలే ఉండదు.

రెండూ ఒకే దారానికి కట్టేవారూ ఉన్నారు. కొమ్మలు వంగిన ఇరుకు నదిలో నాకు మాత్రం దానివల్ల చేపల కన్నా చిక్కుముడులే ఎక్కువ దొరికాయి.