పట్టేసిన ఎగ్జాస్ట్ స్టడ్లు: నూనెతో ఓపికా, నట్ వెల్డింగా?

అనంతపురంలో మా షెడ్డుకు పాత మారుతి 800 వచ్చిందంటే, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజన్ పొగను బయటికి పంపే గొట్టాల భాగం) స్టడ్లలో, అంటే దాన్ని ఇంజన్‌కు బిగించే తల లేని మరల్లో, ఒకటైనా తుప్పుతో పట్టేసి ఉంటుంది. స్టడ్ కాస్త పొడుగ్గా మిగిలి ఉంటే నాకు నూనె దారే ఇష్టం. తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలేస్తాను. పొద్దున్నే రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి బిగించి, లోపలి నట్టుకు పానా వేసి తిప్పుతాను. పావు చుట్టు వదులు, మళ్లీ కొంచెం బిగువు, మళ్లీ నూనె. కిర్రుమని అరిస్తే మంచిదే. మెత్తగా సాగుతున్నట్టు చేతికి తెలిసిందంటే మాత్రం వెంటనే ఆపాలి, అది తెగబోతోంది.

మొదలంటా తెగిపోయిందా, ఇక వెల్డింగే. మొండి మీద నట్ పెట్టి, దాని బొక్కలో వెల్డింగ్ నింపాలి. ఆ వేడికే తుప్పు పట్టు విడుతుంది. ఎరుపు తగ్గాక తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. స్టడ్లు దిగి ఉండే ఇంజన్ పైభాగం, అంటే హెడ్, ఈ బండికి అల్యూమినియం మిశ్రమం, 660 డిగ్రీల లోపే కరుగుతుంది. గ్యాస్ మంట నేరుగా పెట్టడం కన్నా ఇదే మేలు. బ్యాటరీ వైర్లు ముందే తీసేయండి. ఖర్చు కొంచెం ఎక్కువే. అయినా ఈజీ అవుట్ (తెగిన మొండికి బొక్క వేసి, అందులో దించి తిప్పి లాగే పనిముట్టు) లోపల విరిగితే పడే పాట్ల ముందు అదెంత! అది గట్టి ఉక్కు, మామూలు డ్రిల్లు బిట్టు దిగదు.