గాండీవాన్ని జిరాక్స్ షాపులో విప్పి చూశాం: లీచెస్ ఎనాలిసిస్ రివ్యూ

ముందే చెప్తున్నా, నేను పెద్ద ప్లేయర్‌ని కాదు. నల్లగొండలో ఎన్జీ కాలేజీ దగ్గర జిరాక్స్ షాపు నడుపుతా. హాల్‌టికెట్ల సీజన్‌లో అన్నం తినడానికి టైముండదు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి, ఆ రెండు గంటలే నా చెస్. కాబట్టి ఈ రివ్యూ నాలాగా రోజుకు నాలుగు బ్లిట్జ్ ఆటలు (నిమిషాల్లో తేలిపోయే ఫాస్ట్ చెస్) ఆడి మూడు ఓడిపోయేవాళ్ల కోసం.

లీచెస్ (చెస్ ఆడుకోవడానికి, ఆడిన ఆటల్ని పరీక్షించుకోవడానికి ఉన్న ఫ్రీ వెబ్‌సైటు) దగ్గరికి ఎలా వచ్చానో చెప్పాలి, కడుపుమంటంతా అక్కడే ఉంది. మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి, వాడికి చెస్ పిచ్చి. ఒక ఆన్‌లైన్ కోచింగ్ వాళ్లు (పేరు వద్దులెండి) టాప్ ప్లేయర్ల ఆటలు విప్పి చెప్తాం, ఎవరి బలమేంటి, ఎవరి లోపమేంటి, నెలనెలా రిపోర్టు ఇస్తాం అంటే మూడు నెలలకు పైసలు కట్టా. మొదటి రిపోర్టు మన తెలంగాణ గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఎరిగైసి (పైన గాండీవం అన్నది ఇతన్నే) మీద వచ్చింది. నా మెషీన్ మీదే ప్రింటు తీశా, ఇరవై రెండు పేజీలు. బోర్డు బొమ్మ, కింద ఒక అంకె, పక్కన "మంచి ఎత్తు" లేకపోతే "పొరపాటు". అంతే, ఎందుకు మంచిది ఎందుకు పొరపాటు అని ఒక్క ముక్క లేదు. పద్నాలుగో పేజీ మూలన ఇసుక రేణువంత అక్షరాల్లో ఒక లింకు కనిపించింది, టైప్ చేస్తే లీచెస్ తెరుచుకుంది. అదే బోర్డు బొమ్మ, అవే అంకెలు, అక్కడ పైసా అడగట్లేదు. ఊరి బావిలో నీళ్లు తోడి ఊరోళ్లకే బిందె లెక్కన అమ్మినట్టుంది యవ్వారం.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. లీచెస్‌ని 2010లో తిబో డుప్లెసిస్ అనే ఫ్రాన్స్ ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. లాభం కోసం నడిచేది కాదు, ప్రకటనలుండవు, ప్రీమియం ప్లానుండదు. ఇష్టముంటే చందా ఇవ్వొచ్చు, ఇస్తే పేరు పక్కన చిన్న రెక్క గుర్తొస్తుంది, అంతకుమించి ఒక్క ఫీచరు కూడా ఎక్కువ రాదు. ఆటను పరీక్షించేది స్టాక్‌ఫిష్ ఇంజిన్ (ఎత్తుల మంచిచెడ్డలు లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం), దాన్ని నడిపేది ఎక్కడెక్కడో వాలంటీర్లు ఇచ్చిన కంప్యూటర్లు. నా షాపు సిస్టమ్ ఆధార్ పీడీఎఫ్ తెరవడానికే మూలుగుతుంది, అలాంటిదానిలో కూడా ఎనాలిసిస్ చకచకా వచ్చేస్తోందంటే కారణం ఇదే, కష్టపడేది నా మెషీన్ కాదు.

అర్జున్ ఆన్‌లైన్‌లో ఆడేది చెస్.కామ్ అనే ఇంకో సైటులో. ఐడీ గాండీవం2003 (స్పెల్లింగులో జీ తర్వాత హెచ్ ఉంటుంది, వెతికేటప్పుడు మర్చిపోకండి). పేరు అర్జున్, పుట్టింది 2003లో, పెట్టుకున్నది విల్లు పేరు. ఓరుగల్లు పిల్లగాడు, 14 ఏళ్లకే 2018లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, తెలంగాణ నుంచి మొదటివాడు. గ్రాండ్‌మాస్టర్ లాంటి టైటిళ్లున్న ప్లేయర్లకు అక్కడ మంగళవారం మంగళవారం టైటిల్డ్ ట్యూస్‌డే అని 11 రౌండ్ల బ్లిట్జ్ టోర్నీ ఉంటుంది, మన టైములో రాత్రి ఎనిమిదిన్నరకో, చలికాలమైతే తొమ్మిదిన్నరకో. అక్కడ ఆడిన ఆటల పీజీఎన్ (ఎత్తులన్నీ వరసగా రాసున్న ఫైలు) ఎవరైనా దించుకోవచ్చు. దాన్ని లీచెస్‌లో స్టడీ (ఆటలు దాచుకునే నోటుబుక్కు లాంటిది) ఒకటి తెరిచి అందులో పడేస్తే చాలు. ఒక స్టడీలో 64 చాప్టర్లు పడతాయి, బోర్డు మీద గడులెన్నో అన్ని. ఎత్తు ఎత్తుకీ గడియారంలో ఎంత మిగిలిందో కూడా పక్కన చూపిస్తుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ గడియారమే, ఆ సంగతికి వస్తున్నా.

ఒక ఆదివారం మావాడు స్టూలేసుకుని నా పక్కన కూర్చున్నాడు. అర్జున్ ఆట నడుస్తోంది, పాతిక ఎత్తులు దాటాయి, ఇంజిన్ సున్నా అంటోంది, అంటే ఇద్దరూ సమానం. మంత్రుల్ని మార్చేసుకుంటే పది ఎత్తుల్లో డ్రా చేసుకుని చాయ్ తాగొచ్చు. అర్జున్ మార్చుకోలేదు, మంత్రిని ఒక గడి పక్కకు జరిపి ఊరుకున్నాడు. ఆ ఎత్తు పక్కన లీచెస్ ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం కలిపి పెట్టింది, అంటే కొంచెం తేడా ఎత్తు అని.

"మామా, గిదేంది? గీయన గూడ తప్పాడిండా?" అన్నాడు మావాడు.

"అంకె చూడకురా, అవతలాయన గడియారం చూడు" అన్నా. అప్పటిదాకా రెండు మూడు సెకన్లకో ఎత్తు వేస్తున్న ఎదుటివాడు దానికి అరనిమిషం తిన్నాడు. మూడు నిమిషాల ఆటలో అరనిమిషం అంటే మామూలు విషయమా! మిగిలిన ఆటంతా ఆ అరనిమిషం అప్పు తీర్చడానికే సరిపోయింది అతనికి.

అర్జున్ ఆటలు ముప్పై నలభై చూశాక నాకు అర్థమైన స్టైల్ ఇదే. మెషీన్ మెచ్చే ఎత్తు కంటే మనిషికి తలనొప్పి తెచ్చే ఎత్తు మీద ఇతనికి మోజు. సమానంగా ఉన్న పొజిషన్‌ని అతను డ్రా అనుకోడు, ఇంకా మొదలుకాని ఆట అనుకుంటాడు. తెల్లపావులతో మొదటి ఎత్తు ఈ4 ఆడతాడు, డి4 ఆడతాడు, సి4 ఆడతాడు, ఎదుటివాడు ఇంటిదగ్గర వండుకొచ్చిన కూర అక్కడ పనికిరాదు. నల్లపావులతో కూడా గెలవడానికే కూర్చుంటాడు. ఇది ఆన్‌లైన్ బ్లిట్జ్ వేషం మాత్రమే అనుకుంటే పొరపాటు. 2024 బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో (దేశాల టీముల పోటీ) మూడో బోర్డు మీద 11 ఆటల్లో 9 గెలుపులు, 2 డ్రాలు, బోర్డు స్వర్ణం అతనిదే, టీమ్ స్వర్ణం మనదే. అదే ఏడాది డిసెంబర్‌లో ప్రపంచ చెస్ సంఘం ఫిడే ఇచ్చిన రేటింగు లిస్టులో 2801, ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. డ్రాలకు మొహం చాటేస్తేనే ఆ అంకె వస్తుంది. 2025 చివర్లో దోహాలో వరల్డ్ బ్లిట్జ్‌లో మాజీ ప్రపంచ చాంపియన్ కార్ల్‌సన్‌ని ఓడిస్తే ఆయన బల్ల మీద గుద్దిన వీడియో మీరూ చూసే ఉంటారు. మా షాపులో అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు, ఒకాయన మార్కుల మెమో జిరాక్స్‌కి వచ్చి, అది మర్చిపోయి మూడుసార్లు చూశాడు.

ఇక లీచెస్‌లో నేను ప్రేమించే ఫీచరు టేబుల్‌బేస్. బోర్డు మీద రాజులతో కలిపి ఏడు పావులో అంతకంటే తక్కువో మిగిలాయంటే లీచెస్ అంచనాలు మానేస్తుంది, లెక్క ముందే తేలిపోయిన జవాబు చెప్తుంది. వేయగలిగిన ప్రతి ఎత్తునీ వరసగా పేర్చి ఇది గెలుపు, ఇది డ్రా, ఇది ఓటమి అని చూపిస్తుంది. ఒక ఏనుగుల ఎండింగ్‌లో ఆపి చూపించా మావాడికి. పైన ఇంజిన్ సున్నా అంటోంది, కింద లిస్టు చూస్తే ఎదుటివాడికి వేయగలిగిన ఎత్తులు డజను పైన ఉన్నాయి, అందులో డ్రా అయ్యేది ఒక్కటంటే ఒక్కటి, మిగతావన్నీ ఓటమి. గడియారంలో ఎనిమిది సెకన్లు. ఇప్పుడు చెప్పండి, అది సమానమా? మావాడు చాలాసేపు ఆ లిస్టునే చూశాడు, ఇంట్లో ఏం చెప్పాడో గానీ మా అక్క ఫోన్ చేసి "వానికేం చూపెట్టినవ్‌రా, అన్నం తినుకుంట గూడ ఏనుగులంటున్నడు" అంది.

సరే, పొగడ్తలు చాలు, లోపాలు కూడా చూడాలి కదా. గెలుపు కోసం తాడు మరీ లాగి తెంపుకునే అలవాటు అర్జున్‌కి ఉంది. లీచెస్ గీసే గ్రాఫు (ఎత్తు ఎత్తుకీ ఎవరిది పైచేయో చూపే గీత) చూస్తే తెలిసిపోతుంది, ఆట మధ్య దాకా నున్నగా ఉన్న గీత చివర్లో రంపం పళ్లలా అవుతుంది, తన గడియారం కూడా అప్పటికి కరిగిపోయి ఉంటుంది. ఎత్తు ఎత్తుకీ సెకను కలిసే ఆటల్లో ఇది కప్పబడిపోతుంది, కలవని చోట బయటపడుతుంది. ఎదురెదురుగా కూర్చుని గంటలు ఆడే టోర్నీల్లో దీని ఖరీదు ఇంకా ఎక్కువ. నెదర్లాండ్స్‌లో జరిగే టాటా స్టీల్ మాస్టర్స్‌లో 2025లో పట్టిక కింది సగంలో తేలాడు, తమాషా ఏంటంటే ఆ కింద నుంచే ఆఖరి రౌండులో ప్రపంచ చాంపియన్ గుకేశ్‌ని ఓడించి టైటిల్ పోరునే తారుమారు చేశాడు. ఇంకోటి నాకౌట్లు. 2023 చెస్ వరల్డ్ కప్ క్వార్టర్స్‌లో ప్రజ్ఞానంద చేతిలో, 2025 గోవాలో మళ్లీ క్వార్టర్స్‌లో చైనా వెయ్ యీ చేతిలో, రెండుసార్లూ టైబ్రేక్‌లోనే (సమానమైతే ఆడించే ఫాస్ట్ ఆటల్లో) ఆగాడు. క్యాండిడేట్స్‌కి (ప్రపంచ చాంపియన్‌తో తలపడేదెవరో తేల్చే టోర్నీ) 2024లోనూ వెళ్లలేదు, 2026కీ అర్హత రాలేదు. దోహా బ్లిట్జ్ కూడా అంతే, ముందు దశలో 19 రౌండ్లకు 15 పాయింట్లతో అందరికంటే పైన, సెమీస్‌లో ఉజ్బెకిస్తాన్ అబ్దుసత్తరోవ్ దగ్గర కుదేలు, చివరికి కంచు. వందమందిలో పడేస్తే చెలరేగిపోతాడు, ఒక్కడితోనే నాలుగు ఆటలు ఆడమంటే ఎదుటివాడు గట్టిగా తలుపేసుకుని కూర్చుంటాడు, ఆ తలుపు దగ్గర ఓపిక పట్టడం ఇంకా రావాలి. నేను జిరాక్స్ షాపువాణ్ణి, 2800 ఆయనకు ఓపిక నేర్పేవాణ్ణా అంటారా, కాదు గానీ ఫ్యాన్‌గా నా గోడు నాది.

లీచెస్‌కి కూడా మార్కులు తగ్గించే జాగా ఉంది. అది మాటల్లో చెప్పదు. తప్పు అని చెప్తుంది, దాని బదులు ఏం వేయాలో చూపిస్తుంది, ఎందుకో మీరే తవ్వుకోవాలి. పెద్దాళ్లకు ఫర్వాలేదు, పిల్లలకు కష్టం. పైగా కచ్చితత్వం ఇంత శాతం అని ఒక అంకె ఇస్తుంది, అది పిల్లల పాలిట పరీక్ష మార్కు అయిపోతుంది. మావాడు మొదట్లో తన 88 శాతం, అర్జున్ 86 శాతం పక్కపక్కన పెట్టుకుని కాలర్ ఎగరేశాడు. ఒరేయ్, నువ్వాడింది మీ క్లాసు పిల్లగాడితో, పదిహేను ఎత్తులకే వాడి మంత్రి పోయింది, అర్జున్ ఆడింది ఇంకో గ్రాండ్‌మాస్టర్‌తో అరవై ఎత్తులు అంటే గానీ దిగలేదు. ఇంజిన్‌కి మూడు నిమిషాల గడియారం తెలియదు, ఎదుటివాడి చెమట తెలియదు. ఆ రెండూ మీరు కలుపుకుని చూస్తేనే ఆ సున్నాలకు అర్థం.

ఇక నా సొంత అనుభవం. అర్జున్‌ని చూసిన ఊపులో నేనూ ఒక సమానమైన ఆటలో డ్రా వద్దనుకుని మంత్రిని పక్కకు జరిపా. అవతలివాడు అరనిమిషం ఆలోచిస్తాడని ఎదురుచూశా. రెండు సెకన్లలో బిషప్‌తో నా ఏనుగుని లేపేశాడు. ఎనాలిసిస్‌కి పెడితే నాలుగు ఘోరమైన తప్పులు, ఎర్రగా, వరసగా, మా గల్లీలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బల్బుల్లాగా.

స్టార్లు అడిగితే లీచెస్‌కి ఐదుకు నాలుగున్నర, ఆ సగం మాటలు రానందుకు కోత. గాండీవానికి నాలుగు, ఐదో స్టారు క్యాండిడేట్స్ గెలిచాక చూద్దాం. కోచింగ్ వాళ్లకు సున్నా, పైసలు తిరిగివ్వమంటే రూల్స్ చదివి వినిపించారు.

వాడే పద్ధతి మాత్రం ఒకటి చెప్తా: ఇంజిన్ ఆపేసి ఆట నడపండి, ప్రతి ఎత్తుకి ముందు మీరైతే ఏం వేసేవారో కాగితం మీద రాయండి, ఆ తర్వాతే ఇంజిన్ ఆన్ చేయండి. మావాడు అలాగే చేస్తున్నాడు. కాగితాలకు కొదవ లేదు, ఆ పీడీఎఫ్ ప్రింట్లు ఇరవై రెండూ వెనకవైపు ఖాళీయే, ఇప్పటికి తొమ్మిది నిండాయి.