రంగు కర్రల గణిత పెట్టె: ఒకటి, రెండు తరగతుల్లో ఒక సంవత్సరం వాడాక

ఒకటి, రెండు తరగతులకు కలిపి పాఠం చెప్పే నేను, కిందటి జూన్‌లో బడి తెరవగానే సొంత డబ్బుతో ఆన్‌లైన్‌లో ఒక గణిత పెట్టె కొన్నాను. అందులో 74 రంగు కర్రముక్కలు, 20 ఆకారాల అట్టలు ఉన్నాయి. ఇలాంటి పెట్టెలను చాలామంది అమ్ముతున్నారు కాబట్టి తయారీదారు పేరు రాయడం లేదు.

ఈ కర్రలను రూపొందించినది బెల్జియం బడిపంతులు జార్జ్ క్విజనేర్. తెల్లది ఒక సెంటీమీటరు ఘనం, ఎర్రది రెండు సెంటీమీటర్లు, లేత ఆకుపచ్చది మూడు, అలా పెరుగుతూ నారింజ రంగుది పది. వాటి మీద అంకెలు గానీ గాట్లు గానీ ఉండవు. మొదట నాకది లోపంగానే తోచింది. చింతపిక్కలతో ఏడూ మూడూ కలపమంటే పిల్లలు పదింటినీ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతారు. కర్ర మీద లెక్కపెట్టడానికి ఏమీ లేదు గనుక, ఏడు సెంటీమీటర్ల నల్లదాని పక్కన లేత ఆకుపచ్చది చేర్చి, నారింజ కర్రతో సమానంగా వచ్చిందో లేదో వేలితో తడిమి చూస్తారు. ఒకటో తరగతి పాప ఒకతె నారింజ కర్ర కింద తెలుపు పక్కన నీలం (తొమ్మిది), ఎరుపు పక్కన గోధుమ రంగు (ఎనిమిది) పేర్చుకుంటూ తొమ్మిది వరుసల గోడ కట్టింది. ఐదో వరుస దాటాక ఆగి, “టీచర్, మళ్లీ అవే తిరగబడి వస్తున్నాయి” అన్నది. ఆ మాట చెప్పించడానికి నేను పలక మీద ఎన్ని రోజులు తంటాలు పడేదాన్నో!

పదమూడు అనే మాటలో పదీ మూడూ వినబడుతూనే ఉంటాయి. నారింజ కర్రకు లేత ఆకుపచ్చది జోడిస్తే కంటికీ కనబడతాయి. థర్టీన్‌కూ థర్టీకీ తేడా తెలియక తడబడే పిల్లలకు ఇది బాగా పనికివచ్చింది.

ఇక లోపాలు. మొదట వచ్చిన పెట్టెలో రంగు మందంగా పూయడం వల్ల, పది తెల్ల ముక్కలు వరుసగా పెడితే నారింజ కర్ర కంటే దాదాపు సగం ముక్క ఎక్కువ వచ్చింది. సమానత్వాన్ని చూపవలసిన వస్తువే అసమానంగా ఉంటే పాఠం ఎక్కడ నిలుస్తుంది? తిరిగి పంపి మార్పించుకున్నాను, రెండోది నయం. తొమ్మిది వరుసల గోడను ఒకేసారి ఇద్దరు మాత్రమే కట్టగలరు, ఎందుకంటే నీలం, పసుపు కర్రలు నాలుగేసి మాత్రమే ఉన్నాయి. తెల్ల ముక్కలు చిన్నవి కనుక ఇంట్లో పసిపిల్లలుంటే పెట్టెను అందకుండా ఉంచాలి.

ఆకారాల అట్టల సంగతి వేరు. వాటిలోని త్రిభుజాలన్నీ సమబాహు త్రిభుజాలే, అన్నీ అడుగు భుజం మీద నిలబడినవే. నేను సన్నగా, పొడవుగా, ఒరిగిపోయిన త్రిభుజం గీస్తే రెండో తరగతి పిల్లవాడు అది బాణమన్నాడు. చతురస్రాన్ని మూల మీద నిలబెడితే గాలిపటమన్నాడు. తప్పు వాడిది కాదు. ఒక అట్ట మీదనైతే పాచిక బొమ్మ వేసి కింద చతురస్రమని అచ్చువేశారు. ఘనానికీ దాని ముఖానికీ తేడా చెప్పవలసిన చోటే ఇలా కలగాపులగం చేశారు. ఆ అట్టలు బీరువాలో పెట్టి, ఖాళీ అగ్గిపెట్టెను తెచ్చి, ఒక్కో ముఖాన్నీ తడి ఇసుక మీద నొక్కించాను. ఆరు అచ్చులు పడ్డాయి, మూడు కొలతల దీర్ఘచతురస్రాలు, ఒక్కోటి రెండేసిసార్లు. ఇసుక చుట్టూ తిరిగి ఏ వైపు నుంచి చూసినా అవి దీర్ఘచతురస్రాలేనని పిల్లలే వాదించుకున్నారు.

ఒకరిద్దరు పిల్లలున్న ఇంటికి ఈ పెట్టె చాలు; తరగతికైతే అట్టలు లేకుండా కర్రలు మాత్రమే అమ్మే చోట రెండు మూడు సెట్లు తీసుకోవడం మేలు. పెట్టె చేతికి రాగానే పది తెల్ల ముక్కలను నారింజ కర్ర పక్కన పేర్చి చూడండి. తేడా ఉంటే గడువులోపే తిప్పి పంపండి.